నికానోర్ ముక్కు

కొవావిలా ఎడారిలో మార్చి నెల.
మెస్కీట్ పొదల మీద దుమ్ము తప్ప ఏమీ పూయలేదు.
దొడ్డిలో నలభై రెండు మేకలు.
నెమరేస్తాయి, దగ్గుతాయి, గోడనీడ జరిగినకొద్దీ జరుగుతాయి.
ఎదకు మాత్రం రావు.
ఎండలు తిరిగేదాకా రావు, వాటి పంచాంగం అది.

(ఎద అంటే గుండె అనీ, పశువు కోరిక అనీ
రెండర్థాలున్న భాషలో రాస్తున్నాను.
నికానోర్‌కు ఈ సౌకర్యం లేదు.)

నవంబరు నుంచి జనవరి సగందాకా
మూడు కిలోమీటర్ల అవతల, తమ్ముడి కొట్టంలో
గవర్నరుకు దీపాలు పెట్టాడతను.
గవర్నరంటే పోతు. గడ్డం చూసి పెట్టిన పేరు.
రోజుకు పదహారు గంటల వెలుగు.
బిల్లు చూసి హెర్మెలిందా బుగ్గలు నొక్కుకుంది:
"మనకు గుడ్డిబల్బు, మేకపోతుకు పెళ్లిపందిరా!"
తర్వాత దీపాలు తీసేశారు.
వేసవి అయిపోయిందనుకుంది వెర్రిపోతు.
అబద్ధపు ఎండల్లోంచి
అచ్చమైన ఆకలితో లేచి
తన గడ్డం మీద తనే తడుపుకుంది.

తోలుకొస్తుంటే దారిలో బస్సు కిటికీలు మూసుకున్నాయి.
పిల్లలు చొక్కాలు ముక్కుల మీదికి లాక్కున్నారు.
నికానోర్ ఒక్కడే
ఈల వేసుకుంటూ పక్కనే నడిచాడు.
రెండేళ్ల కిందట వచ్చిన జ్వరం
పోతూపోతూ అతని వాసన పట్టుకుపోయింది.
కాఫీ వేడినీళ్లయింది.
వాన ఉత్త చప్పుడయింది.

మేకపోతు గాంభీర్యం అని మనం నవ్వుతాం.
ఆ పొద్దు ఎవరూ నవ్వలేదు.
గేటు ఇంకా తీయలేదు, గాలి తీసింది.
మూలనున్న బూడిదరంగు మేక
నెమరు మధ్యలో ఆగిపోయింది.
దవడ పక్కకు జరిగి అలాగే ఉండిపోయింది.
చెవులు ముందుకొచ్చాయి.
ఒక తోక, మరో తోక,
ఆ తర్వాత లెక్క తప్పింది.

పశువైద్యుల బడి నుంచి వచ్చిన సిత్లాలి
పావుగంటకోసారి మెడనరం వెతికి
సన్నటి గొట్టాల్లో నెత్తురు నింపింది.
మర్నాడు కాగితం తెచ్చి చూపించింది.
"ఇదిగో, నిన్న పొద్దున.
మెదడు అడుగున శనగగింజంత గ్రంథి
ఎప్పుడో ఒక దెబ్బ, చాలాసేపటికి ఇంకో దెబ్బ,
నిద్రలో డప్పు కొట్టినట్టు.
ఇక్కడ గాలి వచ్చింది. చూడు."
గీతలు దగ్గరదగ్గరగా లేచి నిలబడ్డాయి,
జాతరలో డప్పు.
ఆ మోత అండాశయం దాకా వినబడుతుందట.

నికానోర్ గీతల మీద వేలు నడిపాడు.
ముక్కు దగ్గరికి తీసుకెళ్లి
ఎందుకో వాసన చూశాడు కాగితాన్ని.

సాయంత్రం గుమ్మంలోనే ఆపేసింది హెర్మెలిందా.
"చొక్కా అక్కడే విప్పు. లుంగచుట్టి బయట పడేయ్."
"ఎలా ఉంది?"
"ఏది?"
"వాసనే. చెప్పు."
ఆమె తలుపు పట్టుకుని ఆలోచించింది.
"పాత జున్ను. తడిసిన గొంగళి.
కాలిన కొమ్ము." కాసేపాగి,
"పెళ్లికి ముందు, పత్తి లారీ దించి వచ్చేవాడివే,
కొంచెం అలా."
"అప్పుడు తలుపు వెయ్యలేదే."
"ఇప్పుడూ వెయ్యలేదుగా. స్నానం చేసిరా."

మొదటి పిలుపు చాలా మేకలకు ఉత్తదే పోయింది.
అయిదారు రోజులకే మళ్లీ మొదలు.
సిత్లాలి ముందే చెప్పింది, కంగారు పడొద్దని.
నికానోర్ మాత్రం కంచె మీద చేతులాన్చి
రోజూ పొద్దున్నే నిలబడేవాడు,
నలభై రెండు ముక్కులు అరువు తెచ్చుకుని.
తోకలు కదిలిన వైపు తల తిప్పి
గట్టిగా ఊపిరి పీల్చేవాడు.

ఏమీ తగిలేది కాదు.
అయినా బూడిదమేక చెవులు లేవగానే
"వచ్చింది" అనేవాడు,
తనకే వచ్చినట్టు.